రెండో లాగుడు

రోజు 118

గాలి తూర్పు. ఎండ బాగుంది. చెవిపూసలు ఇరవై రెండు, అన్నీ పనిచేస్తున్నాయి. పిల్లలు ఇరవై రెండు మంది, అందరూ వచ్చారు.

బోర్డువారి లెక్కన ఇవాళ్టి చిట్టా ఇక్కడితో సరి. చివర "ఇతర విషయాలు" అని నాలుగు గీతల జాగా ఇచ్చారు. ఇరవై రెండు మంది పిల్లల గురించి నాలుగు గీతల్లో ఏం రాస్తారు, నా తలకాయ! అందుకే నేను వెనక పేజీలు వాడేసుకుంటున్నాను. వీటిని ఎవరూ చదవరని తెలుసు. ఒకవేళ చదివితే తిట్టుకోకండి.

నా పేరు దమయంతి. నాలుగో తెప్పల బడికి పూసలమ్మని. మాది గట్టు మీది ఊరు, ఉద్యోగానికని ఈ నీళ్ల మీదికి వచ్చి మూడేళ్లయింది. పొద్దున్నే పూసలన్నీ స్పిరిట్ దూదితో తుడిచి గులిమి వదలగొట్టడం నా మొదటి పని. ఈ పిల్లల చెవుల్లోకి అంత గులిమి ఎక్కణ్ణుంచి వస్తుందో భగవంతుడికే తెలియాలి. పిల్లలొచ్చాక ఎవరి పూస వాళ్ల చెవిలో పెడతాను. అక్కణ్ణుంచి పాఠం చెప్పేది పూసే. పిల్లలు దాన్ని బుడ్డి పంతులు అంటారు. ఏ పిల్లకి ఎంత నడక ఉంటే అంత వేగంతో, ఆ చెవికి మాత్రమే వినపడేలా చెబుతుంది. మధ్యాహ్నం బడి వదిలాక పూసల్ని ఛార్జింగుకి ఎండ పలక మీద పేర్చి, ఆ రోజు అంకెలు రాసుకుంటాను. నడక అంకె వందకి లెక్క.

సౌగంధికి ఇవాళ తొంభై మూడు. వరాలుకి ముప్పై నాలుగు.

మూడు వారాల కిందట, రాత పాఠాలు ముగిసేనాటికి, వరాలుకి నలభై ఏడు. నోటిలెక్కలు మొదలైనప్పట్నుంచీ రోజుకి కాస్త చొప్పున దిగుతూనే ఉంది. నూట యాభయ్యో రోజున బోర్డు నుంచి ఆనందపాల్ గారు వచ్చి పరీక్ష పెడతారు. ముప్పైకి తక్కువ వస్తే పిల్లని గట్టు బడికి మార్చేస్తారు. అక్కడ పాఠాలు తక్కువ, తిండి ఎక్కువ. పిల్లలు అక్కడే ఉండిపోతారు. ఏడాదికి ఒక్కసారి తల్లిదండ్రులు వెళ్లి చూసి రావచ్చు. నా చేతుల మీదుగా మూడేళ్లలో ఆరుగురు వెళ్లారు. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు.

వరాలుకి తొమ్మిదేళ్లు. మంచి పిల్ల. ఆ అంకె ఎందుకు దిగుతోందో నాకు అర్థం కావడం లేదు. అర్థం కానిది ఏదైనా ఉంటే నాకు అన్నం సయించదు, చిన్నప్పట్నుంచీ అదో జబ్బు.

రోజు 121

గాలి లేదు. నీళ్లు నిలకడగా ఉన్నాయి. తెప్ప అంచు నుంచి చూస్తే మునిగిన ఊళ్లోని మేడ మీద నీళ్ల ట్యాంకు స్పష్టంగా కనబడింది.

వరాలుకి చెవుడేమో అని అనుమానం వచ్చింది. బడి వదిలాక వెనకాల నిలబడి, గొంతు బాగా తగ్గించి, "వరాలూ, జంతిక కావాలా?" అన్నాను. పలకలేదు. అయ్యో, చెవుడే అనుకున్నాను. మళ్లీ అదే గొంతుతో, "జంతిక కావాలా?" అన్నాను.

"ఆయ్, కావాలండి," అంటూ ఇటు తిరిగి చెయ్యి చాచింది.

చెవులకి ఏ లోటూ లేదు. పూసలో లోపం ఉందేమో అని దాని పూస సౌగంధికీ, సౌగంధిది దానికీ పెట్టి చూశాను. అంకె కదలలేదు. వరాలుకి ముప్పై మూడే.

జంతికలు మాత్రం అయిపోయాయి.

రోజు 124

ఇవాళ నేను చేసినది బోర్డు రూళ్లకి విరుద్ధం. రాస్తున్నాను, ఏం చేసుకుంటారో చేసుకోండి.

వరాలు పూసకి, అదే పాఠం నాకూ వినపడేలా జోడీ పూస తగిలించి నా చెవిలో పెట్టుకున్నాను. మూడేళ్లుగా వీటి గులిమి తీస్తున్నాను గానీ అవి ఏం మాట్లాడతాయో ఎప్పుడూ వినలేదు, సిగ్గుచేటు.

గొంతు బాగుంది. తియ్యగా, నిదానంగా ఉంది. "సగానికి పావు కలిపితే ఎంత?" అని అడిగింది. వరాలు పలకలేదు. ఎనిమిది సెకన్లు ఆగింది. "పరవాలేదు, ఇంకాస్త తేలిగ్గా చూద్దాం. పన్నెండులో సగం ఎంత?" వరాలు పలకలేదు. ఎనిమిది సెకన్లు. "పరవాలేదు, ఇంకాస్త తేలిగ్గా చూద్దాం. ఏడూ అయిదూ ఎంత?" వరాలు పలకలేదు. అలా మెట్టు మెట్టూ దిగుతూ చివరికి, "ఆకాశం ఏ రంగులో ఉంటుంది?" అని అడిగింది.

వరాలు నా వైపు చూసి, నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"అమ్మగారూ, బుడ్డి పంతులు నన్ను సంటిపిల్లనుకుంటన్నాడండి."

"ఏడూ అయిదూ ఎంతే?" అన్నాను. ఆ పిల్ల మొహంలోకి చూస్తూ నిలబడింది. నాకు ఒళ్లు మండింది. "ఏడూ అయిదూ ఎంతే, మొద్దూ?"

"పన్నెండండి."

"మరి పూస అడిగినప్పుడు నోరు పడిపోయిందా? ఊఁ, నోరు పడిపోయిందా?"

"అది రెండోసారి అడగలేదు కదండీ," అంది, ఈమాత్రం తెలియదా అన్నట్టు.

జంతిక గుర్తొచ్చింది. అప్పుడూ రెండోసారే పలికింది.

రోజు 127

బడి సెలవు. వరాలు వాళ్ల తెప్పకి వెళ్లాను. రెండోసారి అడగడం ఏమిటో తెలుసుకోకపోతే నాకు ఇంక ఏ పనీ సాగేలా లేదు.

వాళ్లు తాడోళ్లు. నాన్న పోలయ్య ఊపిరి డబ్బా కట్టుకుని కింద మునిగిన ఇళ్లలోకి దిగి రాగి తీగ, గాజు పలకలు ఏరుకొస్తాడు. అమ్మ మంగ తెప్ప మీద కూర్చుని తాడు పట్టుకుంటుంది. తాడు ఒక కొస పోలయ్య నడుముకి, ఇంకో కొస ఆవిడ చేతిలో. బారకో గుడ్డపీలిక ముడి ఉంది, ఎంత లోతుకి దిగాడో లెక్క తెలియడానికి.

"మా వరాలు ఏవైనా అల్లరి సేసిందాండి?" అంది మంగ, తాడు మీంచి చూపు తిప్పకుండా.

"అల్లరి చేస్తే బాగుండును తల్లీ. నోరు మెదపడం లేదు. అంకె ముప్పై ఒకటికి దిగింది."

మంగ మొహం పాలిపోయింది. గట్టు బడి సంగతి ఈ నీళ్ల మీద అందరికీ తెలుసు. ఆవిడ ఏదో అనబోయేలోపు లోపల పొయ్యి మీద అన్నం పొంగింది. వరాలు మంచినీళ్లకి వెళ్లింది. నేను ఊరుకోవచ్చు కదా! "నువ్వెళ్లి చూసుకో, తాడు నేను పట్టుకుంటాను," అన్నాను.

మంగ తటపటాయించింది. "ఊరికే పట్టుకోండంతే. మీరు లాగకండి, నేను ఇప్పుడే వత్తాను," అని లేచింది.

పట్టుకున్నాను. అరనిమిషం కాలేదు, చేతిలో తాడు లాగినట్టయింది. నా ప్రాణం ఎగిరిపోయింది. ఆవిడ అన్న మాటా గుర్తు లేదు. మనిషి పిలుస్తున్నాడు కదా అని రెండు చేతులా బలంకొద్దీ లాగేశాను.

పోలయ్య పైకి వచ్చాడు. మోచెయ్యి చీరుకుని నెత్తురు కారుతోంది. "ఎవత్తే తాడు లాగింది?" అని ఒక్క అరుపు అరిచి, నన్ను చూసి గతుక్కుమన్నాడు. "అమ్మగారాండీ... పర్లేదండి, పర్లేదు."

కిటికీ సందులోంచి ఇవతలికి వస్తున్నాడట. నేను లాగేసరికి గోడకి కొట్టుకున్నాడు. కాస్త అటు ఇటు అయితే తల తగిలేది. నేను అక్కడే చతికిలబడి ఏడ్చేశాను. ఏభై రెండేళ్లొచ్చి ఏం లాభం?

మంగ గాయానికి పసుపు అద్దుతూ చెప్పింది. "మొదటి లాగుడు ఎవరిదో తెలీదండి. అలది కావచ్చు, సేపది కావచ్చు, తాడు దేనికైనా తగులుకుని ఉండచ్చు. లోపలున్నాయన మనల్ని పిలవాలంటే కాసేపాగి రెండోసారి లాగుతారు. అప్పుడే మనం లాగాలి. ప్రాణం మీదికొత్తే ఆపకుండా లాగుతానే ఉంటారు, అది వేరే." అంటూ మొగుడి నుదుటి మీద పాత మచ్చ చూపించింది. "ఇది నా పెళ్లయిన కొత్తలో నేను సేసిన గంటు."

"మరి మాటలకీ అంతేనా?"

"అన్నిటికీ అంతేనండి. అన్నం తింటావా అని ఒకసారి అడిగితే మా పిల్లలు పలకరు. ఊరికే అన్నారో నిజంగా అడిగారో తెలీదు కదా. రెండోసారి అడిగితే అప్పుడు సెబుతారు. పాకే వయసు నుంచీ అదే నేర్పుతాం. నోటికి అలవాటైతేనే సేతికీ అలవాటవుద్దండి."

మూడేళ్లుగా తాడోళ్ల పిల్లలు నెమ్మదస్తులు, అడిగినా నోరు విప్పరు అని చిట్టాలో రాస్తూ వస్తున్నాను. వాళ్లు నా రెండో మాట కోసం ఎదురుచూస్తున్నారని నాకు తట్టనే లేదు.

రోజు 129

పూస లోపల గుండుసూది మొనంత మీట ఒకటి ఉంది. తనిఖీ కోసం పెట్టారు. అది నొక్కితే పూస ప్రతి మాటా రెండేసి సార్లు చెబుతుంది. నిన్న వరాలు పూసకి ఆ మీట నొక్కేశాను.

నిన్న ముప్పై ఎనిమిది. ఇవాళ నలభై నాలుగు! ఒక్కదాన్నే కూర్చుని చప్పట్లు కొట్టుకున్నాను. పోలయ్య మోచేతికి కొబ్బరినూనె, మంగకి అరకిలో బెల్లం పంపించాను.

రోజు 135

నలభై నాలుగు దగ్గర ఆగి, మళ్లీ దిగడం మొదలుపెట్టింది. ఇవాళ నలభై.

జోడీ పూస పెట్టుకుని విన్నాను. పూస రెండుసార్లు అడుగుతోంది. వరాలు జవాబులూ చెబుతోంది. కానీ భిన్నాల దగ్గరికి వచ్చేసరికి ఆ జవాబులు తప్పు. సగానికి మూడో వంతు కలిపితే అయిదో వంతు అంటుంది. పూస ఓపిగ్గా సరిచేస్తే తల ఊపుతుంది, మరుక్షణం మళ్లీ అదే తప్పు.

నాకు చెప్పలేనంత కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తేలేసరికి మధ్యాహ్నం దాటింది. నా మీదే. నేను లోలోపల ఏమనుకున్నానంటే, ఈ పిల్ల నిజానికి చురుకైనదే, మనమే కనిపెట్టలేకపోయాం అని అందరికీ చూపిద్దామని. కాదు. అలవాటు సంగతి వేరు, భిన్నాల సంగతి వేరు. భిన్నాల్లో వరాలు నిజంగానే నెమ్మది. అయితే ఏం పోయింది? చురుకైన పిల్ల అయితేనే అమ్మ దగ్గర ఉండాలని ఎక్కడైనా రాసుందా?

కాకపోతే, నెమ్మదిగా నేర్చుకునే పిల్లకి ఎలా నేర్పాలో నాకు తెలియదు. ఆమాటకొస్తే ఏ పిల్లకీ ఎలా నేర్పాలో తెలియదు. నాకు వచ్చినది గులిమి తీయడం.

రోజు 139

మూడు రోజులుగా మబ్బు. ఎండ పలక చల్లబడిపోయింది. పూసలు ఒక్కటీ పలకడం లేదు.

పిల్లలు ఇరవై రెండు మంది వచ్చి కూర్చుని నా మొహం చూస్తున్నారు. వీళ్లు ఒకే తెప్ప మీద పక్కపక్కన కూర్చుని ఏడాదైంది గానీ ఒకరి పాఠం ఒకరికి తెలియదు. మూలన తాడు చుట్ట కనబడింది. పొడుగాటి తాడు, బారకో ముడి. అందులో ఆరు బారలు విప్పి తెప్ప మధ్యలో పరిచి, పూస అడిగిన లెక్కే అడిగేశాను.

"సగానికి మూడో వంతు కలిపితే ఎంత?"

"ఆరింట అయిదు వంతులండి," అంది సౌగంధి, నా నోట్లో మాట నోట్లో ఉండగానే. సౌగంధి ఎనిమిదేళ్ల పిల్ల, వరాలు కంటే చిన్నది. పూస దగ్గర అయిదో తరగతి లెక్కలు ఎప్పుడో చేసేసింది.

"ఎలాగ?" అంది వరాలు.

"కిందవి రెండూ గుణించాలి. తర్వాత అడ్డంగా గుణించి కలపాలి."

"ఎందుకు గుణించాలి?"

సౌగంధి పూస లేని చెవి తడుముకుంది. "బుడ్డి పంతులు అలాగే చెప్పాడు."

"మళ్లీ సెప్పు."

సౌగంధి మళ్లీ చెప్పింది. వరాలు మళ్లీ ఎందుకంది. సౌగంధిని ఇంతవరకు ఎవరూ ఏదీ రెండోసారి అడగలేదు. మొహం కందగడ్డ అయింది, కళ్లలో నీళ్లు తిరిగాయి. నేను కలగజేసుకోబోయి, ఏం జరుగుతుందో చూద్దామని ఆగాను.

వరాలు తాడు దగ్గరికి జరిగింది. సగానికి మడిచింది. "ఇది మూడు బారలు." విప్పి, మూడు మడతలు పెట్టింది. "మూడో వంతంటే రెండు బారలు." ముడులు వేళ్లతో తడుముతూ చాలాసేపు అలాగే కూర్చుంది. సౌగంధి కూడా పక్కకి చేరింది. మూడు బారల దగ్గర ఒక గవ్వ పెట్టి, అక్కణ్ణుంచి రెండు బారలు లెక్కపెట్టి ఇంకో గవ్వ పెట్టింది. "అయిదు బారలు. ఆరింట్లో అయిదు."

"ఓహో!" అంది సౌగంధి. ఏడుపు ఎటు పోయిందో పోయింది. "తాడు ఏడు బారలైతే?"

ఏడు బారలకి సగం ముడి దగ్గరికి రాలేదు. ఎనిమిదికి మూడో వంతు రాలేదు. తొమ్మిదికి సగం రాలేదు. ఇద్దరూ చుట్టలోంచి ఇంకా విప్పుకుంటూ, తెప్పంతా పాకుతూ పన్నెండు బారల తాడు దాకా వచ్చేసరికి మిగతా ఇరవై మందీ చుట్టూ మూగారు. పన్నెండుకి రెండూ కుదిరాయి. పద్దెనిమిదికి కుదిరాయి. "ఆరు ఆరుకీ కుదురుతోంది!" అని సౌగంధి గెంతితే తెప్ప ఊగింది. అంత అల్లరి మా బడిలో నేనెప్పుడూ వినలేదు. చినుకులు పడుతున్నా ఎవరూ కప్పు కిందికి రాలేదు.

రోజు 144

ఎండ వచ్చింది, పూసలు లేచాయి. అయినా ఆఖరి గంట పూసలు తీయించేస్తున్నాను. దానికి పిల్లలు "మళ్లీ చెప్పు గంట" అని పేరు పెట్టుకున్నారు.

వింతలేమీ జరగలేదు. మర్నాడు పొద్దున అడిగితే వరాలు సగం మర్చిపోయింది. తాడు పట్టుకుని గంటసేపు తిప్పలు పడింది. మూడో రోజు అరగంట. ఇవాళ పది నిమిషాలు. ఒకసారి బుర్రలోకి వెళ్లింది మాత్రం ఇంక బయటికి పోవడం లేదు. సౌగంధి అంకె తొంభై మూడు నుంచి ఎనభై ఎనిమిదికి పడింది. కంగారుపడి జోడీ పూస పెట్టుకుని విన్నాను. జవాబు చెప్పేముందు ఆగుతోంది. ఏమే అంటే, "ఎందుకో చూసుకుంటున్నానండి," అంది.

పరీక్ష ఆరు రోజుల్లోకి వచ్చింది. పరీక్షకి బోర్డు వాళ్ల పూసలే తెస్తారు, వాటికి మీట ఉండదు. రేడియోలో ఆనందపాల్ గారిని బతిమాలాను. "అందరికీ ఒకటే పరీక్ష అండి, రూలు నా చేతుల్లో లేదు," అన్నారు, పాపం మర్యాదగానే.

అప్పుడు నాకో ఆలోచన వచ్చింది. మంగ దగ్గరికి వెళ్లి, "ఈ ఆరు రోజులూ మొదటిసారికే జవాబు చెప్పడం పిల్లకి అలవాటు చేద్దాం," అన్నాను.

మంగ తాడు చుడుతూ తల అడ్డంగా ఊపింది. "వద్దండి. వచ్చే ఏడు నుంచి అది కూడా తాడు పట్టుద్ది. ఆ అలవాటు నోట్లోంచి పోతే సేతిలోంచీ పోద్ది. కిందుండేది వాళ్ల నాన్నండి."

పోలయ్య మోచేతి మీద నేను చేసిన గాయం ఇంకా మానలేదు. లేచి వచ్చేశాను.

రోజు 150

గాలి పడమర. అలలు ఎక్కువ. ఆనందపాల్ గారు పదింటికి పడవలో వచ్చారు. ఆయనకి నీళ్లు పడవు. బుగ్గన అల్లం ముక్క పెట్టుకుని, తెప్ప స్తంభం పట్టుకుని నిలబడ్డారు.

పిల్లలందరి పరీక్షా అయింది. వరాలుకి ఇరవై తొమ్మిది.

ఒక్క అంకె! మంగ తెప్ప అంచున నిలబడి ఉంది. ఏడవలేదు. చేతులు మాత్రం లేని తాడుని చుడుతున్నట్టు కదులుతున్నాయి.

ఆనందపాల్ గారు సంచీలోంచి మార్పిడి కాగితం తీశారు. అందులో ఆఖరి గడి, ఇదివరకు నాచేత నింపించినది, "పిల్లల అభ్యంతరం." ఆయన వరాలు ముందు మోకాళ్ల మీద కూర్చుని నిజంగా ప్రేమగానే అడిగారు. "అమ్మా, గట్టు బడికి వస్తావా?"

వరాలు ఆయన మొహంలోకి చూస్తూ ఊరుకుంది. ఆయన కాసేపు ఆగి, నిట్టూర్చి, కలం తీసి "అభ్యంతరం చెప్ప" దాకా రాశారు.

నాకు ఏమైందో తెలియదు. కలం లాగేసుకున్నాను.

"ఇంకోసారి అడగండి!"

"ఏంటండీ ఇది? అడిగాను కదా."

"ఇంకోసారి అడగండి బాబూ, మీకు దణ్ణం పెడతాను!"

ఆయన నన్నో పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, మళ్లీ ఆ పిల్ల వైపు తిరిగారు. "గట్టు బడికి వస్తావా తల్లీ?"

"రానండి," అంది వరాలు, గంట కొట్టినట్టు. "నేను మా నాన్న తాడు పట్టాలండి. ఇరవై నాలుగు బారల లెక్క ఇంకా అవ్వలేదండి. సౌగంధికి నేను మళ్లీ సెప్పాలండి."

ఆనందపాల్ గారు కాగితం అటు తిప్పి ఇటు తిప్పి చూశారు. "అభ్యంతరం చెబితే ఏం చేయాలో రూల్లో లేదండి," అన్నారు చివరికి. "ఇంతవరకూ ఎవరూ చెప్పలేదు."

"లేకపోతే ఆ పిల్ల ఇక్కడే ఉంటుంది," అన్నాను.

ఆయన అల్లం నములుతూ ఆలోచించి, కాగితాన్ని అడ్డంగా కొట్టేశారు. మంగ అక్కడే కూలబడి వరాలుని ఒళ్లోకి లాక్కుంది. సౌగంధి వెళ్లి వాళ్లిద్దరినీ కలిపి వాటేసుకుంది.

నేనూ సంతోషంగా కేకలు వేయాల్సిందే. కానీ ఆయన సంచీలో పాత కాగితాల కట్ట తెరిచి ఉంది, పైదాని మీద రాత నాది. ఆరు కాగితాలు. ఆరింటిమీదా నా గుండ్రటి అక్షరాలతో, "అభ్యంతరం చెప్పలేదు." పేర్లు చదివాను. ఇద్దరు గాజు అతికేవాళ్ల పిల్లలు. నలుగురు తాడోళ్ల పిల్లలు.

ఆ నలుగురినీ నేను ఒక్కసారే అడిగాను.

రోజు 151

బడికి సెలవిచ్చాను. రాత్రి ఇక్కడే ఆగిన ఆనందపాల్ గారి పడవలోనే గట్టుకి వెళ్లాను. దిగేముందు ఆయన, "మిగతా మూడు బడుల కాగితాలూ తీయించాలండి," అన్నారు.

గట్టు బడి శుభ్రంగా ఉంది. జామచెట్లు ఉన్నాయి. ఆరుగురినీ పిలిపించారు. గాజు వాళ్ల పిల్లలిద్దరినీ అడిగితే అడిగిన వెంటనే, ఒకడు ఇంటికి అన్నాడు, ఒకడు ఇక్కడే బాగుంది, జామకాయలున్నాయి అన్నాడు. వాడికి మా బడిలో ఊపిరాడేది కాదట. సరే, అదీ రాసుకున్నాను.

తాడోళ్ల పిల్లల్లో అందరికంటే ముందు వచ్చింది నూకరత్నం. నేను ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది, దాని ఎనిమిదో ఏట పంపించాను. ఇప్పుడు నా భుజం దాకా పెరిగింది.

"నూకరత్నం, ఇంటికి వస్తావా?" అన్నాను.

పలకలేదు. నా మొహంలోకే చూస్తూ నిలబడింది. మూడేళ్ల కిందటా ఇలాగే చూసింది. అప్పుడు నేను కలం తీశాను. ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని, ఎంతసేపు ఆగాలో తెలియక ఇరవై దాకా లెక్కపెట్టాను.

"ఇంటికి వస్తావా అమ్మా?"



"వత్తానండి," అంది. "మీరు మళ్లీ అడుగుతారని మూడేళ్ల నుంచీ సూత్తన్నానండి."

గాలి తూర్పుకి తిరిగింది. తిరుగు పడవలో పిల్లలు అయిదుగురు.